పతకానికి ముందు పెట్టే ఖర్చే ప్రజారోగ్యానికి పెట్టుబడి



ప్రతి ఉదయం నాతో కలిసి నడిచే మిత్రులలో ఒకరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. మనసులో మాట దాచుకునే మనిషి కాదు. మొన్న నడక ముగించి సిమెంటు బల్ల మీద కూర్చున్నప్పుడు ఆయన చేతిలోని దినపత్రికను నా ముందు పెట్టి ఒక ప్రశ్న వేశారు. "డాక్టరు గారూ, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి. మాత్రలు నెలలో పది రోజులు ఉండవు. అటువంటప్పుడు ఎవరో పరుగు పందెగాడికి నెలకు యాభై వేలు ప్రభుత్వం ఎందుకివ్వాలి? అతను పరిగెత్తితే నా మోకాళ్ళ నొప్పి తగ్గుతుందా?"

పక్కనున్న వారందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయితే ఆ ప్రశ్న నవ్వి వదిలివేయదగినది కాదు. ప్రజాధనం ఖర్చయ్యే ప్రతి చోటా పౌరుడు అడగవలసిన ప్రశ్నే అది. ఒకప్పుడు నేనూ అదే ప్రశ్న అడిగినవాణ్ణి. నా అభిప్రాయం ఎందుకు మారిందో, ఏ మేరకు మారిందో ఈ వ్యాసంలో వివరిస్తాను. చదివిన తరువాత మీరు నాతో ఏకీభవించకపోయినా పరవాలేదు, ఆలోచిస్తే చాలు.

ఎవరీ ఔత్సాహిక క్రీడాకారులు?

ముందుగా ఒక స్పష్టత అవసరం. క్రీడాకారుడు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది క్రికెటర్. లీగ్ పోటీల వేలంలో కోట్లు పలికే ఆటగాళ్ళ గురించి కాదు ఈ చర్చ. పరుగు, బరువులెత్తడం, విలువిద్య, కుస్తీ, బాక్సింగ్, జూడో, తెడ్డు పడవలు వంటి ఆటలలో దేశంలోకెల్లా ముందు వరుసలో ఉండి కూడా ఆ ఆట వల్ల ఇల్లు గడవని వారున్నారు. టిక్కెట్లు కొని వారి ఆట చూసేవారు ఉండరు, ప్రకటనలు రావు. నైపుణ్యంలో ప్రపంచ స్థాయి, సంపాదనలో కొన్నిసార్లు దినకూలీ స్థాయి. ఔత్సాహికులు అనే మాటకు ఇక్కడ అర్థం ఇదే.

మన దేశంలో వీరిని ఇంతకాలం నిలబెట్టినవి రైల్వేలు, సైన్యం, పోలీసు శాఖ, ప్రభుత్వ రంగ సంస్థలు. క్రీడా కోటాలో ఒక ఉద్యోగం, సాధనకు కొంత వెసులుబాటు, ఇదే మన పాత పద్ధతి. పి.వి. సింధు తండ్రి పి.వి. రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యులు, రైల్వే ఉద్యోగి. ఆ ఉద్యోగమే లేకపోతే ఆ ఇంట్లో ఆట రెండో తరానికి అందేదో లేదో చెప్పలేం.

తరువాతి కాలంలో నేరుగా ఆర్థిక సహాయం అందించే పథకాలు వచ్చాయి. ఒలింపిక్ పతక అవకాశాలున్న వారి కోసం 2014లో 'టాప్స్' పథకాన్ని కేంద్రం ప్రారంభించింది. అందులో ప్రధాన బృందానికి ఎంపికైన వారికి శిక్షణ ఖర్చులతో పాటు నెలకు 50 వేల రూపాయలు, ఎదుగుతున్న వారి బృందానికి 25 వేల రూపాయలు చేతి ఖర్చుకు ఇస్తారు. పిల్లల స్థాయిలో ప్రతిభను వెతికేందుకు 'ఖేలో ఇండియా' ఉన్నది. నా మిత్రుడు పత్రికలో చదివిన యాభై వేలు ఇవే.

లెక్క చూద్దాం

2025-26 కేంద్ర బడ్జెట్‌లో యువజన, క్రీడా మంత్రిత్వ శాఖకు కేటాయించినది సుమారు 3,794 కోట్ల రూపాయలు. వినడానికి పెద్ద మొత్తమే. దానిని 140 కోట్ల జనాభాతో భాగిస్తే తలకు ఏడాదికి 27 రూపాయలు. రెండు కప్పుల టీ ఖరీదు. అందులోనూ యువజన కార్యక్రమాలు, క్రీడా సంస్థల నిర్వహణ, మైదానాలు, అన్నీ కలిసే ఉన్నాయి. అగ్రశ్రేణి క్రీడాకారుల చేతికి చేరేది అందులో ఒక చిన్న భాగం మాత్రమే.

కాబట్టి క్రీడాకారులకు ఇవ్వడం వల్ల ఆరోగ్య కేంద్రంలో మాత్రలు లేకుండా పోయాయనడం సరికాదు. మాత్రలు లేకపోవడానికి కొనుగోలులో, సరఫరాలో, పర్యవేక్షణలో లోపాలు కారణం. వాటిని సరిదిద్దమని గట్టిగా అడగవలసిందే. నేనూ అడుగుతూనే ఉన్నాను. ఆ 27 రూపాయలను వెనక్కు తీసుకున్నంత మాత్రాన మందుల అలమర నిండదు.

అయితే ఖర్చు చిన్నది కనుక ప్రశ్నించవద్దు అనడమూ న్యాయం కాదు. చిన్నదైనా పెద్దదైనా ఆ డబ్బు వల్ల ప్రజలకు ఒరిగేదేమిటి అన్నదే అసలు ప్రశ్న.

నా వృత్తి జీవితం నుండి ఒక ఒప్పుకోలు

నేను జిల్లా కేంద్రంలో పనిచేస్తున్న తొలి సంవత్సరాలలో, పదహారేళ్ళ అమ్మాయిని ఆమె తండ్రి నా దగ్గరకు తీసుకువచ్చారు. కబడ్డీ క్రీడాకారిణి. అంతర జిల్లా పోటీలలో ఆడుతూ మోకాలు మెలితిరిగి పడిపోయింది. కాలు వాచి ఉన్నది. నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్లు ఉన్నదని చెప్పింది. మోకాలిలో లిగమెంటు తెగినదని ఈనాడు చదువుతున్న మీరు కూడా ఊహించగలరు. ఆనాడు మా దగ్గర ఎం.ఆర్.ఐ. లేదు, ఫిజియోథెరపిస్టు లేరు. క్రీడా వైద్యం అనే శాఖ ఒకటున్నదని నాకు పాఠ్య పుస్తకాల ద్వారా మాత్రమే తెలుసు. కట్టు వేసి ఆరు వారాలు విశ్రాంతి చెప్పాను. తరువాత వచ్చినప్పుడు తండ్రి అడగకముందే నేనే అన్నాను: "ఇక ఆటలు మాన్పించండి. చదువు చూసుకోమనండి."

ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. అది మంచి సలహా అనే అనుకున్నాను.

పాతికేళ్ళ తరువాత ఆమె మళ్ళీ నా ఓ.పి.కి వచ్చారు. నేను గుర్తు పట్టలేదు, ఆమే గుర్తు చేశారు. మధుమేహం, అధిక బరువు, రక్తపోటు, రెండు మోకాళ్ళూ అరిగిపోయే దశ. రోజూ కాస్త నడవమని అలవాటుగా చెప్పాను. ఆమె నవ్వి అన్నారు: "అప్పుడు మీరే కదండీ, ఆడవద్దన్నారు. ఆ తరువాత నేనెన్నడూ పరిగెత్తలేదు." ఆ మాటలో నిష్ఠూరం లేదు, జరిగినది చెప్పారంతే. పక్కనే నిలబడిన కూతురిని చూపించి, "ఇదీ కబడ్డీ ఆడతానంటున్నది. ఆడనివ్వమంటారా?" అని అడిగారు. ఆడనివ్వమన్నాను. ఎలా ఆడాలో, మోకాలిని కాపాడే కండరాలను ఎలా బలపరచుకోవాలో ఆ రోజు అరగంట చెప్పాను. పాతికేళ్ళ క్రితం ఆమెకు చెప్పవలసిన అరగంట అది.

అదే మోకాలి గాయం పుల్లెల గోపీచంద్ గారికీ 1994లో అయింది. శస్త్రచికిత్సలు జరిగాయి, నెలల తరబడి పునరావాసం నడిచింది. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యారు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు తప్పి శస్త్రచికిత్స అవసరమైంది. దాదాపు ఏడాది రింగ్‌కు దూరమయ్యారు. 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయ్యారు. జావెలిన్ వీరుడు నీరజ్ చోప్రాకు 2019లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. రెండేళ్ళకు టోక్యోలో స్వర్ణం గెలిచారు.

వీరి పట్టుదల గొప్పదే, కాదనను. నా దగ్గరకు వచ్చిన అమ్మాయికి పట్టుదల తక్కువ కాదు. ఆమెకు లేనిది గాయమైన రోజు నుండి తిరిగి మైదానంలో అడుగు పెట్టే రోజు వరకు వెంట నిలిచే ఏర్పాటు. ఆ ఏర్పాటుకే డబ్బు కావాలి.

పతకం చూసి జనం పరిగెత్తరు

క్రీడలకు నిధులు కోరేవారు తరచుగా ఒక వాదన చేస్తారు. పతకాలు వస్తే యువత స్ఫూర్తి పొంది మైదానాలకు పరుగెత్తుతారని, దేశమంతా ఆరోగ్యవంతమవుతుందని. నేను ఆ వాదనను సమర్థించను. వైద్యుడిగా నాకు రుజువు కావాలి, ఇక్కడున్న రుజువు బలహీనమైనది.

బ్రిటన్ అనుభవం చూడండి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ దేశానికి దక్కినది ఒకే ఒక్క స్వర్ణం. పతకాల పట్టికలో 36వ స్థానం. ఆ అవమానం తరువాత 1997 నుండి జాతీయ లాటరీ ఆదాయంలో కొంత భాగాన్ని అగ్రశ్రేణి ఔత్సాహిక క్రీడాకారులకు మళ్ళించారు. ఉదయం ఉద్యోగం, సాయంత్రం సాధన చేసుకుంటున్న వారు పూర్తి కాలం సాధనకు అంకితమయ్యారు. 2012 లండన్‌లో 29 స్వర్ణాలు వచ్చాయి. 2016 రియోలో 27 స్వర్ణాలతో బ్రిటన్ పట్టికలో రెండవ స్థానంలో నిలిచింది. నిధులిస్తే పతకాలు వస్తాయనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మరి ప్రజల ఆరోగ్యం? లండన్ క్రీడల నినాదమే ఒక తరానికి స్ఫూర్తినివ్వడం. క్రీడల వల్ల అదనంగా 20 లక్షల మంది శారీరక శ్రమకు అలవాటు పడాలని అప్పటి ప్రభుత్వం ఒక లక్ష్యం కూడా పెట్టుకున్నది. క్రీడలు మొదలు కాకముందే, తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని విడిచిపెట్టింది. క్రీడల తరువాత కూడా ఆశించిన స్థాయి మార్పు నిలబడలేదు. టీవీలో సైక్లింగ్ చూసి చప్పట్లు కొట్టినవారు మరునాడు కారులోనే ఆఫీసుకు వెళ్ళారు. ఇందులో వింత లేదు. పక్కింటివారు భోజనం చేస్తే మన ఆకలి తీరదు కదా.

మన దేశానికి ఇది అనుభవమే. ఇన్నేళ్ళ క్రికెట్ మోజు మనలో ఎందరిని మైదానంలోకి దింపింది? 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి భారతీయ వయోజనులలో దాదాపు సగం మంది తగినంత శారీరక శ్రమ చేయడం లేదు. స్త్రీలలో ఈ నిష్పత్తి 57 శాతం, పురుషులలో 42 శాతం. భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన 'ఇండియాబ్' అధ్యయనం, 2023లో వెలువడినది, దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహులున్నారని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద నిలబడి ఉన్నారని అంచనా వేసింది.

ఈ పరిస్థితిని మెడలోని పతకం మార్చదు. పతకం మందు కాదు. ఆ పతకం కోసం వేసిన బాట మీద మిగతావారూ నడవగలిగితే మాత్రం, ఆ బాటే మందు అవుతుంది.

బోధనాసుపత్రి పోలిక

నేను చదువుకున్న వృత్తి నుండే ఒక పోలిక చెబుతాను. ఉస్మానియా, గాంధీ, విశాఖ కె.జి.హెచ్. వంటి బోధనాసుపత్రులలో ఒక క్లిష్టమైన శస్త్రచికిత్సకు అయ్యే ఖర్చుతో ఒక పల్లెలో వందల మందికి జ్వరం మందు ఇవ్వవచ్చు. అయినా వాటిని మూసివేయమని ఎవరమూ అనము. ఎందుకు? ఆ క్లిష్టమైన రోగిని చూస్తూ నేర్చుకున్న విద్యార్థే రేపు పాలకొండలోనో, ఆసిఫాబాద్‌లోనో వైద్యుడవుతాడు. కొద్దిమంది రోగుల దగ్గర పోగైన విద్య వేలమందికి పంచబడుతుంది.

అగ్రశ్రేణి క్రీడాకారులకిచ్చే నిధులు కూడా ఇలాగే పనిచేయాలి. కొన్ని చోట్ల ఇప్పటికే పనిచేస్తున్నాయి.

మొదటిది, శిక్షకులు, మైదానాలు. గోపీచంద్ విజేత అయిన తరువాత నాటి రాష్ట్ర ప్రభుత్వం అకాడమీ కోసం గచ్చిబౌలిలో స్థలం ఇచ్చింది. దానిని నిలబెట్టేందుకు ఆయన తన ఇంటిని తాకట్టు పెట్టారు, ఒక పారిశ్రామికవేత్త పెద్ద మొత్తం విరాళమిచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. 2012లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో సింధు రజతం వచ్చాయి. ఈ పతకాలు మనందరికీ గుర్తున్నాయి. అక్కడ తయారైన శిక్షకులు, ఆ తరువాత మన పట్టణాలలో సందు సందునా వెలసిన షటిల్ కోర్టులు పతకాల జాబితాలో కనిపించవు. మధుమేహం ఉన్న నా రోగులలో కొందరు నలభై దాటాక మొదటిసారి రాకెట్ పట్టుకున్నది ఆ కోర్టులలోనే. ఇంకొక సంగతి. ఆల్ ఇంగ్లండ్ గెలిచిన తరువాత ఒక శీతల పానీయం ప్రకటనలో నటించే అవకాశాన్ని గోపీచంద్ ఆరోగ్య కారణంతో తిరస్కరించారు. వైద్యులు వంద ఉపన్యాసాలలో చెప్పలేనిది ఆ ఒక్క తిరస్కారం చెప్పింది.

ఉత్తరాంధ్రకు వెళ్ళండి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. పొరుగు జిల్లా విజయనగరంలోని కొండవెలగాడ అనే పల్లె ఇప్పటికీ వెయిట్ లిఫ్టర్ల ఊరుగా పేరు పొందినది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడలలో పతకం గెలిచారు. పెద్ద నగరపు వసతులు లేని ప్రాంతంలో ఇది ఎలా సాధ్యమైంది? ఒక వ్యాయామశాల, ఒక గురువు, ముందు నడిచిన ఒక అక్క. ఈ మూడూ ఒకే చోట కలిశాయి. పోస్టరు మీది బొమ్మతో ఈ పని జరగదు. అందుబాటులో ఉన్న మనిషి, అందుబాటులో ఉన్న స్థలం కావాలి.

రెండవది, వైద్య విద్య. క్రీడాకారుల శరీరాల వద్ద నేర్చుకున్నది సామాన్యుల మంచాల వద్దకు చేరుతుంది. గాయపడిన కాలిని నెలల తరబడి కట్టులో బంధించకుండా త్వరగా కదిలించాలన్న ఆలోచన బలపడడంలో క్రీడా వైద్యం పాత్ర చాలా ఉన్నది. తగినంత తినకుండా కఠోర శ్రమ చేసే అమ్మాయిలలో నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడడం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం క్రీడాకారిణుల నుండే వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. క్రీడాకారిణికి క్రమం తప్పకుండా హిమోగ్లోబిన్ చూసి, ఇనుము, ప్రోటీన్ లెక్కగట్టి ఇచ్చే పద్ధతి ఒక జిల్లా క్రీడా కేంద్రంలో అలవాటైతే, అదే పద్ధతి పక్కనున్న బాలికల వసతి గృహానికి చేరడానికి ఎంతో దూరం లేదు.

మూడవది, సమాజం ఇచ్చే అనుమతి. దీనిని కొలవడానికి నా దగ్గర కొలబద్ద లేదు, కానీ దీని విలువ నాకు తెలుసు. ఆడపిల్ల పొట్టి నిక్కరు వేసుకుని బాక్సింగ్ చేయడమేమిటన్న విమర్శలను తానెలా ఎదుర్కొన్నదీ నిఖత్ జరీన్ పలు ముఖాముఖీలలో చెప్పారు. ప్రపంచ విజేత అయిన తరువాత ఆ విమర్శకుల నోళ్ళు మూతపడ్డాయి. పై లెక్కలలో స్త్రీలే ఎక్కువగా శ్రమకు దూరమయ్యారని చూశారు కదా. అది బద్ధకం వల్ల కాదు. మన వీధులు, మన మాటలు వారిని ఇంట్లో కూర్చోబెట్టాయి.

ఇక వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి. మేధాపరమైన వైకల్యంతో పుట్టిన ఆమెను ఊరివారు గేలి చేశారని, అనాథాశ్రమంలో వదిలివేయమని చెప్పినవారూ ఉన్నారని కుటుంబమే వెల్లడించింది. వ్యవసాయ కూలీల కుటుంబం. ఒక శిక్షకుని కన్ను ఆమె పరుగు మీద పడింది, చేయూత దొరికింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. మన దేశం 2016 రియో పారాలింపిక్స్‌లో 4 పతకాలు గెలవగా, టోక్యోలో 19, పారిస్‌లో 29 వచ్చాయి. వికలాంగ బిడ్డను నాలుగు గోడల మధ్య దాచుకున్న తల్లిదండ్రులు నా వృత్తి జీవితంలో ఎందరో. వారికి నేనిచ్చిన ధైర్య వచనాల కంటే దీప్తి పరుగు బలమైనది.

దున్నేవేళ దూడల్లో, మేసేవేళ ఎద్దుల్లో

ఇంతవరకు నిధులివ్వాలని చెప్పాను. ఎప్పుడివ్వాలన్నది ఇంకా ముఖ్యం.

రియోలో రజతం గెలిచిన సింధుకు తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు ప్రకటించాయి. ఆమె దానికి అర్హురాలే, అందులో సందేహం లేదు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. పతకం గెలిచిన వారికి కోట్లు, స్థలాలు, ఉద్యోగాలు, ఊరేగింపులు. పతకానికి ఐదేళ్ళ ముందు, మంచి బూట్లకు, గుడ్డుకు, పాలకు, రైలు టిక్కెట్టుకు వెతుక్కునే పిల్లలకు ఏముంది? దున్నేవేళ దూడల్లో, మేసేవేళ ఎద్దుల్లో అన్న సామెత మన ప్రభుత్వాలకు సరిగ్గా సరిపోతుంది.

పతకం తరువాత ఇచ్చే కోటి రూపాయలు ఒక కుటుంబానికి మేలు చేస్తాయి. అదే కోటి నెలకు పదివేల చొప్పున ఇస్తే ఎనభై మందికి పైగా పిల్లలను ఒక ఏడాది మైదానంలో నిలబెడుతుంది. ఆ ఎనభై మందిలో పతకం ఒక్కరికీ రాకపోవచ్చు. కానీ గుండె, ఎముక, ఊపిరి బలపడిన ఎనభై మంది యువకులు మిగులుతారు. వారిలో కొందరు వ్యాయామోపాధ్యాయులవుతారు, కొందరు శిక్షకులవుతారు, చాలామంది తల్లిదండ్రులై తమ పిల్లలను ఆడుకోనిస్తారు. ప్రజారోగ్యం అంటే ఇదే. బహుమతి గెలిచినవారికే దక్కుతుంది, పెట్టుబడి ఓడినవారినీ వృథా పోనివ్వదు.

ఊరికే ఇవ్వవద్దు

నిధుల వెంట ప్రమాదాలూ ఉన్నాయి. వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాదక, ఉత్ప్రేరక ఔషధాల వాడకం. పెద్ద సంఖ్యలో పరీక్షలు జరిపే దేశాలలో, నిషిద్ధ ఔషధాలు పట్టుబడిన శాతం మన దేశంలో చాలా ఎక్కువగా ఉన్నదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఇటీవలి నివేదికలు చూపుతున్నాయి. ఉద్యోగమైనా, బహుమతి అయినా గెలుపుకే కట్టిపెట్టినప్పుడు, పక్కన సరైన వైద్యుడు లేనప్పుడు, పేదింటి కుర్రవాడికి సిరంజి దగ్గరి దారిగా కనిపిస్తుంది. ఆ సిరంజి మూల్యం కాలేయం, గుండె, కొన్నిసార్లు ప్రాణం.

అందువల్ల ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు కొన్ని నియమాలుండాలని నా అభిప్రాయం.

1. ప్రజాధనంతో కట్టిన ప్రతి మైదానం, వ్యాయామశాల రోజులో కొన్ని గంటలైనా సామాన్యులకు, ముఖ్యంగా స్త్రీలకు, వృద్ధులకు తెరిచి ఉండాలి. తాళం వేసిన స్టేడియం ఆరోగ్య కేంద్రంలోని ఖాళీ అలమర వంటిదే.

2. సహాయం పొందే క్రీడాకారులు, శిక్షకులు పోటీలు లేని కాలంలో ఏడాదికి కొన్ని రోజులు ప్రభుత్వ పాఠశాలలలో గడపాలి. సన్మానాల కోసం వద్దు, పిల్లలతో కలిసి ఆడడానికి వెళ్ళాలి.

3. ప్రతి జిల్లా క్రీడా కేంద్రంలో ఒక క్రీడా వైద్యుడు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక పోషకాహార నిపుణులు ఉండాలి. ఆ జిల్లాలో ఆడుతూ గాయపడిన ఏ పిల్లకైనా వారి సేవలు ఉచితంగా అందాలి.

4. గాయపడిన క్రీడాకారుల సహాయాన్ని ఆపకూడదు. గాయమైన రోజే వారికి అండ ఎక్కువగా అవసరం.

5. ఎంపిక జాబితాలు, కారణాలతో సహా, అందరికీ తెలిసేలా ప్రకటించాలి. సిఫారసు చొరబడిన చోట ప్రతిభ ఇంటికి తిరిగి వెళ్ళిపోతుంది.

ఈ ఐదు నియమాలతో ఇచ్చే డబ్బును నేను క్రీడల ఖర్చు అనను, ఆరోగ్య శాఖ ఖర్చు అంటాను. ఇవేవీ లేకుండా పతకాల లెక్క కోసమే ఇచ్చే డబ్బు విషయంలో నా మిత్రుని ప్రశ్న సబబే.

మన వంతు

ఆయనకు నేను ఆ ఉదయం చెప్పిన సమాధానం ఇదే. "మాస్టారూ, ఆ కుర్రవాడు పరిగెత్తితే మీ మోకాళ్ళ నొప్పి తగ్గదు. కానీ అతని మోకాలు బాగు చేయడం నేర్చుకున్న ఫిజియోథెరపిస్టు మన ఊరి ఆసుపత్రికి వస్తే తగ్గవచ్చు. అతను పరిగెత్తిన బాట మీద మీ మనవరాలు ఆడుకోగలిగితే, అరవై ఏళ్ళ వయసులో ఆమెకు మీ నొప్పి రాకపోవచ్చు." మాస్టారు కాసేపు ఆలోచించి, "అయితే ఆ ఫిజియోథెరపిస్టు ఎప్పుడొస్తాడో ముందు అది అడగండి" అన్నారు. అడగవలసిన ప్రశ్న అదే, అడగవలసినవారం మనమే.

మీ ఊరిలో ప్రభుత్వ మైదానం ఉన్నదా? ఉదయం, సాయంత్రం తెరుస్తున్నారా? మీ మండల పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుని పోస్టు భర్తీ అయిందా, లేక ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగేసిందా? మీ జిల్లా నుండి జాతీయ స్థాయిలో ఆడుతున్న పిల్లలెవరో మీకు తెలుసా? ఈసారి గ్రామ సభలోనో, వార్డు సమావేశంలోనో ఈ ప్రశ్నలు అడగండి. పతకం వచ్చిన రోజు పూలదండతో వెళ్ళడం కన్నా, రాని రోజులలో ఒక ఆటగాడి పాల ఖర్చు, ప్రయాణ ఖర్చు భరించడం ఉత్తమం. మీరొక్కరే భరించలేకపోతే నలుగురు కలిసి భరించండి.

దానితో పాటు ఎప్పటిలాగే నా మనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన ఆట అవసరం. గుండె జబ్బు, మధుమేహం, మోకాళ్ళ సమస్య ఉన్నవారు మీ వైద్యుని సంప్రదించి నెమ్మదిగా ప్రారంభించండి. మీ ఇంట్లో గాయపడిన ఆటగాడో, ఆటగత్తో ఉంటే "ఇక ఆటలు మాను" అని ఎవరు చెప్పినా, చెప్పినది వైద్యుడే అయినా, వెంటనే ఒప్పుకోకండి. మరొకరి అభిప్రాయం తీసుకోండి. ఒకప్పుడు ఆ మాట చెప్పి పొరబడినవానిగా ఈ విన్నపం చేస్తున్నాను.

ఆరోగ్యంగా ఉండండి. పిల్లలను ఆడుకోనివ్వండి.